జావాస్క్రిప్ట్ వింతలు బట్టీ పట్టాలా? ముందు మన ఊరి డేటా వేసి చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. బీకాం చదివి, విశాఖ ద్వారకానగర్‌లో కోర్సులో చేరి వెబ్ పేజీల వెనక నడిచే జావాస్క్రిప్ట్ భాష నేర్చుకుంటున్నారు. కన్సోల్‌లో (బ్రౌజర్‌లో కోడ్ కొట్టి చూసే చోట) ఏదో ఒకటి కొట్టి చూస్తుంటే వింతలు తగులుతున్నాయి. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తోంది. నల్ (ఏ విలువా లేదని చెప్పేది) టైపు ఏమిటని టైపాఫ్‌ని అడిగితే ఆబ్జెక్ట్ అంటోంది. 1, 9, 10 ఉన్న అరేని (వరస జాబితాని) సార్ట్ చేస్తే 1, 10, 9 అయిపోతోంది. సెట్‌టైమౌట్‌కి (పనిని కాసేపాగి నడిపించేది) సున్నా ఇచ్చినా అన్నిటికన్నా ఆఖర్న నడుస్తోంది. ఇవన్నీ నోటుబుక్కులో రాసుకుంటున్నానని, బట్టీ పట్టాలా, లేకపోతే "జావాస్క్రిప్ట్ అంతే" అని సీనియర్లు చెప్పినట్టు వదిలెయ్యాలా అని అడిగారు.

రెండూ వద్దు. నోటుబుక్కు రాయడం చాలా మంచి అలవాటు, అది మానకండి. రాసే తీరు ఒక్కటి మార్చండి. వచ్చిన జవాబు పక్కన, ఆ జవాబు ఏ నియమం వల్ల వచ్చిందో కనుక్కుని ఒక వాక్యం రాయండి. వింతలు వందల్లో ఉంటాయి, వాటి వెనక నియమాలు కొన్నే. ఇంకో మాట కూడా ఉంది, నా జవాబులో ఎక్కువ భాగం దాని గురించే. మీ పట్టికలో ఉన్నవన్నీ ఎక్కడో ఎవరో రాసిన ట్యుటోరియల్స్‌లో తిరిగేవే. మన పేర్లు, మన ఫోన్ కోడ్లు, మన గడియారం, మన లక్షలు కన్సోల్‌లో వేస్తే బయటపడేవి వాటిలో కనిపించవు. రేపు ఉద్యోగంలో మీకు తగిలేవి మాత్రం ఎక్కువగా అవే.

సార్ట్ సంగతి ముందు తేల్చేద్దాం. పోల్చే ఫంక్షన్ మనం ఇవ్వకపోతే, సార్ట్ ప్రతిదాన్నీ స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరసగా, మార్చి మొదటి అక్షరం నుంచి పోలుస్తుంది. 10లో మొదటి అక్షరం 1 కాబట్టి అది 9 కన్నా ముందొచ్చింది. ఒకటిలోంచి ఒకటి తీసేసే చిన్న ఫంక్షన్ ఇవ్వమని కోర్సులో చెప్పే ఉంటారు. ఇప్పుడు మన సిటీ బస్సు నంబర్లు వేయండి: 6ఎ, 28, 400, 10కె, 900కె, 999. ఊరికే సార్ట్ చేస్తే 6ఎ వెళ్ళి 400 తర్వాత కూర్చుంటుంది. తీసివేత ఫంక్షన్ ఇస్తే 10కె దగ్గర లెక్క కుదరక నాన్ (నాట్ ఎ నంబర్, సంఖ్య కాదని) వస్తుంది, వరస నమ్మడానికి లేకుండా పోతుంది. వీటికి కావలసింది లోకేల్‌కంపేర్. దానికి న్యూమరిక్ అనే ఆప్షన్ ట్రూ అని ఇస్తే 6ఎ, 10కె, 28 అంటూ బస్టాపులో బోర్డు మీద ఉండే వరసలోనే వస్తాయి.

అవే నంబర్లు ఒక ఆబ్జెక్ట్‌లో కీలుగా పెట్టి, లూప్ తిప్పి చూడండి. 900కె, 999, 28 అనే వరసలో రాస్తే, బయటికి 28, 999, 900కె అని వస్తాయి. పూర్ణసంఖ్యలా కనిపించే కీలు చిన్నది నుంచి పెద్దదిగా ముందొస్తాయి, మిగతావి మనం రాసిన వరసలో వెనకొస్తాయి. ఇది స్పెసిఫికేషన్‌లో, అంటే భాష అధికారిక నియమాల పత్రంలో, ఉన్న నియమమే. పిన్‌కోడ్లు కీలుగా పెట్టినా ఇంతే: ఎంవీపీ కాలనీ 530017 ముందు రాసి, యూనివర్సిటీ 530003 తర్వాత రాస్తే అవి చోట్లు మార్చుకుంటాయి. మనం పెట్టిన వరసే కావాలంటే మ్యాప్ వాడాలి.

ఫోన్ కోడ్ చూద్దాం. మన ఎస్‌టీడీ కోడ్ 0891. దాన్ని నంబర్‌గా మారిస్తే 891 మిగులుతుంది, ముందున్న సున్నా పోతుంది. ఇది చాలామంది ఊహించేదే. కొటేషన్లు లేకుండా కోడ్‌లో నేరుగా 0891 అని రాస్తే, స్ట్రిక్ట్ మోడ్ (తప్పుల్ని గట్టిగా పట్టే పద్ధతి) లేనప్పుడు అదే 891 వస్తుంది. అలాగే హైదరాబాద్ 040 రాయండి. 32 వస్తుంది! సున్నాతో మొదలై, అంకెలన్నీ 8 కన్నా చిన్నవైతే పాత నియమం ప్రకారం దాన్ని ఆక్టల్, అంటే ఎనిమిది మూలంగా ఉన్న సంఖ్యగా చదువుతుంది. నాలుగు ఎనిమిదులు 32. మన కోడ్‌లో 8, 9 ఉన్నాయి గనక తప్పించుకుంది. స్ట్రిక్ట్ మోడ్‌లో, మాడ్యూల్స్‌లో ఈ రెండూ సింటాక్స్ ఎర్రరే, అది మంచిదే. కూడికలూ తీసివేతలూ చెయ్యనిది ఏదైనా, అంకెల్లో ఉన్నంత మాత్రాన నంబర్ కాదు. ఫోన్, పిన్‌కోడ్, బ్యాంకు ఖాతా సంఖ్య, అన్నీ స్ట్రింగులే. ఖాతా సంఖ్యల విషయంలో ఇది మరీ ముఖ్యం. జావాస్క్రిప్ట్ నంబర్ 9007199254740991 వరకే ప్రతి పూర్ణసంఖ్యనూ కచ్చితంగా పట్టుకుంటుంది. కన్సోల్‌లో 12345678901234567 కొట్టి ఎంటర్ నొక్కండి, చివర 7 బదులు 8 కనిపిస్తుంది. సర్వర్ జేసన్‌లో (డేటా పంపే రాత పద్ధతిలో) అలాంటి సంఖ్యని కొటేషన్లు లేకుండా పంపిస్తే, బ్రౌజర్ చదివేటప్పుడే మారిపోతుంది, ఎర్రర్ కూడా రాదు.

ఇక తెలుగు. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను.

కన్సోల్‌లో "విశాఖపట్నం" అని రాసి లెంగ్త్ అడగండి. చదివితే వి, శా, ఖ, ప, ట్నం, అయిదు అక్షరాలు. జవాబు 10. "శ్రీలక్ష్మి" మూడు అక్షరాల పేరు, లెంగ్త్ 11. లెంగ్త్ లెక్కపెట్టేది యూటీఎఫ్-16 యూనిట్లని, అంటే అక్షరాలని దాచే 16 బిట్ల ముక్కలని. తెలుగులో హల్లు ఒక యూనిట్, గుణింతం గుర్తు ఒక యూనిట్, పొల్లు ఒకటి, సున్న ఒకటి. శ్రీ అన్న ఒక్క అక్షరంలో శ, పొల్లు, ర, దీర్ఘం, నాలుగున్నాయి. ఫారంలో పేరు పెట్టెకి మాక్స్‌లెంగ్త్ 10 అని ఇస్తే అది కూడా ఈ యూనిట్లనే లెక్కపెడుతుంది. శ్రీలక్ష్మి గారు తన పేరు పూర్తిగా రాసుకోలేరు. తెలుగువాళ్ళ కోసం, తెలుగువాళ్ళు కట్టిన సైట్లలో కూడా ఇది చూస్తుంటాను, చాలా బాధేస్తుంది. మనిషి తన పేరు తన లిపిలో రాసుకోవడానికి చోటుండాలి కదా.

ఇప్పుడు ఆ స్ట్రింగ్‌ని తిరగెయ్యండి. స్ప్లిట్, రివర్స్, జాయిన్, కోర్సులో మొదటి వారంలో నేర్పే లెక్క. విశాఖపట్నం తిరగేస్తే ముందు సున్న ఒంటరిగా వేలాడుతుంది. తర్వాత న్ట, ప, ఖా, శి, వ వస్తాయి. వకి ఉన్న గుడి శకి, శకి ఉన్న దీర్ఘం ఖకి అంటుకున్నాయి, ట కింద ఉన్న నావత్తు పోయి న కింద టావత్తు వచ్చింది. ఎందుకంటే గుర్తు ఎప్పుడూ తన ముందున్న హల్లుకే అతుక్కుంటుంది, తిరగేసేసరికి ముందున్న హల్లు మారిపోయింది. స్ప్లిట్ బదులు స్ప్రెడ్ గానీ అరే.ఫ్రమ్ గానీ వాడితే సరిపోతుందని చాలాచోట్ల రాస్తారు. అది ఎమోజీలకి పనికొచ్చే మందు. చాలా ఎమోజీలు రెండేసి యూనిట్లు కాబట్టి అక్కడ తేడా కనిపిస్తుంది. తెలుగు గుర్తులన్నీ ఒక్కో యూనిటే, అందుకని స్ప్రెడ్ చేసినా అదే జవాబొస్తుంది.

దీనికి సరైన పనిముట్టు ఇంటర్నేషనలైజేషన్ ఏపీఐలో ఉన్న సెగ్మెంటర్. గ్రాఫీమ్ అని చెబితే, మనిషి ఒక అక్షరంగా చూసేదాన్ని ఒక ముక్కగా ఇస్తుంది. క్రోమ్‌లో 2020 నుంచీ ఉంది, ఫైర్‌ఫాక్స్‌లో 2024లో వచ్చిన 125వ వెర్షన్ నుంచి ఉంది. ఒక జాగ్రత్త: వత్తులున్న అక్షరాలని ఒకే ముక్కగా చూడాలన్న నియమం తెలుగుకి, మరికొన్ని భారతీయ లిపులకి 2023లో యూనికోడ్ (ప్రపంచ లిపులకి కోడ్లిచ్చే ప్రమాణం) 15.1తో వచ్చింది. బ్రౌజర్‌లో యూనికోడ్ డేటా పాతదైతే ట్నం అన్నది ట్, నం అని రెండు ముక్కలౌతుంది, మొత్తం ఆరు వస్తుంది. కొత్తదైతే అయిదు. మీ ల్యాప్‌టాప్‌లో ఒక జవాబు, ఇంట్లో పాత ఫోన్‌లో ఇంకో జవాబు వస్తే కంగారు పడకండి.

పేరు సరిచూసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ కూడా ఇక్కడే చెప్పాలి. ఇంగ్లీషు ఎ నుంచి జెడ్ వరకే ఒప్పుకునేది తెలుగుని తోసేస్తుందని తెలిసిందే. యూనికోడ్ ప్రాపర్టీల్లో అక్షరాలకి ఎల్ అని వర్గం ఉందని తెలిసి అది వాడతారు, అయినా "విశాఖ" తిరస్కరణే. గుడి, దీర్ఘం, పొల్లు, సున్న, వీటికి యూనికోడ్‌లో ఎమ్ అనే వేరే వర్గం ఉంది. ఎల్, ఎమ్ రెండూ కలిపి ఇస్తేనే తెలుగు పేరు లోపలికొస్తుంది. వెనక యూ ఫ్లాగ్ మర్చిపోకూడదు.

ఇంకొకటి, కంటికి కనబడనిది. "బస్‌స్టాప్" అని పొల్లు విడిగా కనిపించేలా టైపు చేసినప్పుడు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు చేరుతుంది. ఒకరు దానితో రాసి, మరొకరు అది లేకుండా రాస్తే సెర్చ్‌లో ఒకటి వెతికితే ఇంకొకటి దొరకదు. వెతికే ముందు రెండువైపులా ఆ గుర్తు తీసేయాలి, అలాగే నార్మలైజ్ అనే మెథడ్ కూడా ఒకసారి నడపాలి. డేటాబేస్‌లో ఉన్న మాట మాత్రం మనిషి రాసినట్టే ఉండనివ్వండి.

తేదీలకి వద్దాం. వీటి గురించి మీరు అడగలేదు, కానీ నాకు తెలిసినంతలో మన దేశంలో ఉన్న డెవలపర్లని ఎక్కువగా ఏడిపించేది ఇదే.

కన్సోల్‌లో డేట్‌కి 2025, 7, 15 ఇవ్వండి. ఆగస్టు 15 వస్తుంది, నెలలు సున్నా నుంచి లెక్క. ఇది 1995లో జావా భాషలో ఉన్న డేట్ క్లాసు నుంచి తెచ్చుకున్న పద్ధతి. ఇప్పుడు ఆ తేదీ మీదే టుఐఎస్ఓస్ట్రింగ్ పిలవండి. ఆగస్టు 14, సాయంత్రం 18:30 అంటుంది. మన అర్ధరాత్రి యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ముందురోజు సాయంత్రం ఆరున్నర, ఎందుకంటే మనం అయిదున్నర గంటలు ముందున్నాం. అందులోంచి మొదటి పది అక్షరాలు కత్తిరించి "ఈరోజు తేదీ" అనుకోవడం చాలా కోడ్‌లో కనిపిస్తుంది.

ఫిషింగ్ హార్బర్‌లో చేపల ధరలు నమోదు చేసే యాప్ ఒకటి మీరు కట్టారనుకోండి. అక్కడ బేరాలు తెల్లవారుజామునే మొదలౌతాయి. నాలుగు గంటలకి వేసిన ధర నిన్నటి తేదీలో పడుతుంది. అయిదున్నర దాటాక వేసినవి సరిగ్గా ఈరోజులో పడతాయి. మీరు పదింటికి ఆఫీసులో కూర్చుని ఎన్నిసార్లు పరీక్షించినా తప్పు కనబడదు. హార్బర్‌లో మనిషి "పొద్దున్న తప్పు చూపిస్తోంది సార్" అంటారు, మీరు "నాకు బాగానే ఉందే" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

దీనికి జంటగా ఇంకో నియమం ఉంది. '2025-08-15' అని తేదీ ఒక్కటే స్ట్రింగ్‌గా ఇస్తే దాన్ని యూటీసీగా చదువుతుంది, మన దగ్గర పొద్దున్న 5:30 అవుతుంది. అదే స్ట్రింగ్‌కి గంటలు నిమిషాలు కూడా చేర్చి, జోన్ చెప్పకుండా ఇస్తే లోకల్ సమయంగా చదువుతుంది. మొదటి రకం మన దగ్గర తేదీ మారదు కాబట్టి తప్పు తెలియదు. అమెరికాలో ఉన్న అబ్బాయి అదే పేజీ తెరిస్తే 14 చూస్తాడు. అమ్మానాన్న విశాఖలో, పిల్లలు అక్కడ ఉన్న ఇళ్ళు మనకెన్నో ఉన్నాయి, కాబట్టి ఇది ఎప్పుడో జరిగేది కాదు.

అందుకని ఈరోజు తేదీ కావాలంటే గెట్‌ఫుల్‌ఇయర్, గెట్‌మంత్, గెట్‌డేట్ విడివిడిగా తీసుకుని నెలకి ఒకటి కలుపుకోండి, లేదా టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని చెప్పి ఫార్మాట్ చేయించండి. పరీక్షించడానికి తెల్లవారుజామున లేవక్కర్లేదు. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో సెన్సర్స్ అనే ప్యానెల్‌లో ఊరు మారిస్తే టైమ్‌జోన్ మారుతుంది. నోడ్‌లో అయితే టీజెడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చి నడపొచ్చు. గడియారం లేని తేదీ ఒక్కటే పట్టుకునే ప్లెయిన్‌డేట్ లాంటివాటితో టెంపోరల్ అనే కొత్త ఏపీఐ 2025లో ఫైర్‌ఫాక్స్ 139తో బ్రౌజర్లలోకి రావడం మొదలైంది. అది అన్నిచోట్లా కుదురుకునేదాకా పై జాగ్రత్తలు తప్పవు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను, బీకాం చదివినవారికి ఇది తేలిక. 0.1, 0.2 రెండూ బైనరీలో అంతులేని భిన్నాలు, అందుకే ఎక్కడో కత్తిరించక తప్పదు. 0.5, 0.25 కచ్చితంగా ఇముడుతాయి, కావాలంటే కలిపి చూడండి. 1.005ని టుఫిక్స్‌డ్‌తో రెండు దశాంశాలకి సవరిస్తే 1.01 రాదు, 1.00 వస్తుంది, అదీ ఇందుకే. బిల్లు లెక్కలు పైసల్లో, పూర్ణసంఖ్యల్లో చేసి, చూపించేటప్పుడు మాత్రం రూపాయలు చేయండి. చూపించడానికి టులోకేల్‌స్ట్రింగ్‌కి భారతీయ ఇంగ్లీషు గానీ తెలుగు గానీ లోకేల్‌గా ఇస్తే 12,34,567 అని లక్షల్లో కామాలు పడతాయి. ఆ కామాలున్న స్ట్రింగ్‌ని వెనక్కి పార్స్‌ఇంట్‌కి ఇవ్వకండి. మొదటి కామా దగ్గరే ఆగి 12 అంటుంది. పన్నెండు లక్షలు పన్నెండు రూపాయలైపోతాయి, ఎక్కడా ఎర్రర్ ఉండదు. నంబర్ ఫంక్షన్ కనీసం నాన్ ఇచ్చి హెచ్చరిస్తుంది.

కన్సోల్‌ని ఇంతగా వాడుతున్నారు కాబట్టి కన్సోల్ గురించే ఒక మాట. ఒక అరేని కన్సోల్.లాగ్ చేసి, తర్వాతి లైన్లో దానికి ఏదో పుష్ చేయండి. డెవ్‌టూల్స్‌లో ఆ అరే పక్కనున్న బాణం నొక్కి విప్పితే, లాగ్ చేసినప్పటికి లేని వస్తువు కూడా లోపల కనిపిస్తుంది. లాగ్‌కి చేరింది అరే నకలు కాదు, దాని చిరునామా. మీరు బాణం నొక్కిన క్షణాన ఆ చిరునామాలో ఏముందో అది చూపిస్తుంది. నేర్చుకునే దశలో ఇది పెద్ద చిక్కు, ఎందుకంటే మీ ప్రయోగానికి సాక్షి అదే. ఆ క్షణంలో ఉన్నది కావాలంటే జేసన్.స్ట్రింగిఫై చేసో, స్ట్రక్చర్డ్‌క్లోన్ తీసో లాగ్ చేయండి. ఇంకా మంచిది, బ్రేక్‌పాయింట్ పెట్టి ఆపి చూడండి. ఈ చిరునామా నియమం ఒక్కటి పట్టుకుంటే, కాన్‌స్ట్ అని ప్రకటించిన అరేలోకి పుష్ ఎలా కుదురుతోంది, రెండు ఖాళీ అరేలు సమానం కావని ఎందుకంటుంది, ఒక వేరియబుల్‌లో మారిస్తే రెండోదాంట్లో ఎందుకు మారింది, అన్నీ విడిపోతాయి.

టైపాఫ్ నల్ ఆబ్జెక్ట్ ఎందుకన్నారు. బ్రెండన్ ఐక్ 1995 మేలో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ సంస్థలో పది రోజుల్లో ఈ భాష మొదటి రూపం తయారుచేశాడు. అందులో ప్రతి విలువకీ అది ఏ రకమో చెప్పే చిన్న గుర్తు ఉండేది. ఆబ్జెక్ట్‌కి గుర్తు సున్నా, నల్ అంటే మొత్తం సున్నాలే. అలా నల్ ఆబ్జెక్ట్‌గా లెక్కకొచ్చింది. తర్వాత సరిచేద్దామని ప్రతిపాదన కూడా వచ్చింది, కానీ అప్పటికే ఆ జవాబు మీద ఆధారపడి నడుస్తున్న సైట్లు పాడౌతాయని వదిలేశారు. 2018లో అరేకి ఫ్లాటెన్ అని కొత్త మెథడ్ పెట్టబోతే, మూటూల్స్ అనే పాత లైబ్రరీ వాడే సైట్లు దెబ్బతింటాయని పేరే ఫ్లాట్‌గా మార్చారు. నాకు ఇది ఈ భాషలో గౌరవించదగ్గ సంగతి. ఎప్పుడో ఎవరో కట్టి వదిలేసిన చిన్న పేజీ ఈరోజుకీ తెరుచుకుంటోందంటే ఈ పట్టుదల వల్లే.

సెట్‌టైమౌట్ సున్నా సంగతి ఇంటర్వ్యూల్లో నిజంగానే అడుగుతారు, అందుకని జాగ్రత్తగా చదవండి. సున్నా అంటే "వెంటనే" అని కాదు, "కనీసం సున్నా మిల్లీసెకన్ల తర్వాత, నీ వంతు వచ్చినప్పుడు" అని. ఇప్పుడు నడుస్తున్న కోడ్ మొత్తం పూర్తవ్వాలి. తర్వాత ప్రామిస్‌ల (తర్వాత వచ్చే ఫలితానికి మాట ఇచ్చేవి) దెన్‌లన్నీ (ఫలితం వచ్చాక నడిచేవి), వాటిలోంచి పుట్టిన కొత్త దెన్‌లతో సహా అయిపోవాలి. అప్పుడు టైమర్ వంతు. కన్సోల్‌లో నాలుగు లాగ్‌లు పెట్టండి: ఒకటి మామూలుగా, ఒకటి సెట్‌టైమౌట్ సున్నాలో, ఒకటి వెంటనే రిజాల్వ్ అయ్యే ప్రామిస్ దెన్‌లో, చివర మళ్ళీ మామూలుగా. నడిపే ముందే వరస కాగితం మీద రాయండి. మొదటిది, నాలుగోది, మూడోది, రెండోది రావాలి. అది కుదిరాక, ఫర్‌ఈచ్ లోపల అసింక్ ఫంక్షన్ పెట్టి అవెయిట్ చేసి, ఫర్‌ఈచ్ తర్వాత "అయిపోయింది" అని లాగ్ చేయండి. ఆ మాట ముందే వచ్చేస్తుంది, ఫర్‌ఈచ్ ఎవరి ప్రామిస్ కోసమూ ఆగదు. అదే పని ఫర్-ఆఫ్ లూప్‌తో రాసి, ఒక అసింక్ ఫంక్షన్‌లో పెట్టి నడిపితే ఆగుతుంది.

నియమాలు వెతకడానికి మొదట ఎండీఎన్ అనే వెబ్ పత్రాల సైట్ చూడండి. దాన్లో రిఫరెన్స్ పేజీల కింద స్పెసిఫికేషన్ లింకు ఉంటుంది, భాష సంగతులకి అది ఎక్కువగా ఈసీఎంఏ-262. మొదట్లో చదవడం కష్టమే, అయినా సార్ట్ గురించి ఉన్న ఒక్క భాగం తెరిచి, పోల్చే ఫంక్షన్ లేనప్పుడు టుస్ట్రింగ్ పిలుస్తుందన్న మెట్టు ఎక్కడుందో వెతకండి. దొరుకుతుంది. మీ ఇంట్లోవాళ్ళ పేర్లు తెలుగులో రాసి, సెగ్మెంటర్‌తో లెక్కపెట్టి, మీ బ్రౌజర్ వెర్షన్‌తో సహా వచ్చిన జవాబులు కింద పెట్టండి. తేడా వచ్చిన పేర్లు కలిసి చూద్దాం.